బయానా ఇచ్చే ముందు

అల్లుడూ,

హనుమకొండ నయీంనగర్‌లో రెండు పోర్షన్ల పాత డాబా 60 లక్షలకు బేరమాడుతున్నావని మీ అమ్మ చెప్పింది. నెలకు 12 వేల అద్దె, ఏడాదికి 1 లక్ష 44 వేలు అన్నది బ్రోకరు లెక్క. మన లెక్క వేరేగా వేయాలి. రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం, అంటే 4 లక్షల 50 వేలు, ధరకు కలుపు. ఒక నెల ఖాళీగా ఉంటుందనుకో. ఇంటిపన్ను, మోటారు మరమ్మతు, సున్నాలు కలిపి పాతిక వేలకు పైనే. చివరికి చేతికి లక్ష చిల్లర మిగులుతుంది. 64 లక్షల 50 వేల మీద రెండు శాతం కూడా లేదు.

అందులో 40 లక్షలు బ్యాంకు అప్పంటున్నావు. ఎనిమిది శాతమే అనుకున్నా వడ్డీ 3 లక్షల 20 వేలు. ప్రతి నెలా నీ జీతంలోంచి ఆ ఇంటికి ఎదురు పెట్టాలి. స్థలం ధర పెరుగుతుందంటావు, పెరగవచ్చు. ఆ ఆశే అయితే పాత డాబాకు డబ్బు పోయడం దేనికి, ఖాళీ ప్లాటే చూడు.

నాలా (పెద్ద మురుగు కాలువ) పక్క సందు అని విన్నప్పటి నుంచి మాత్రం నాకు గుబులుగా ఉంది. 2023 జూలై వానలకు నేను అద్దెకిచ్చిన కింది పోర్షన్‌లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. అద్దెకున్నవాళ్లు మూడో రోజే సామాను సర్దుకున్నారు, దసరా దాకా తాళమే. ఆ ఏడాది అద్దె తలుపులకూ వైరింగుకూ సరిపోలేదు. కాబట్టి గోడకు మోకాలి ఎత్తు వరకే కొత్త రంగు ఉందేమో చూడు. తలుపు అడుగున చెక్క ఉబ్బి ఉంటే వేలు పెట్టి గిల్లి చూడు, పొడి రాలుతుంది. స్విచ్ బోర్డులన్నీ ఛాతీ ఎత్తుకు మార్చి ఉన్నా అనుమానించాల్సిందే.

ఓనరు లేనప్పుడు వెళ్లి అద్దెకున్నవాళ్లను పలకరించు. ఏప్రిల్‌లో బోరు ఎండుతుందా, కరెంటు మీటర్లు వేరువేరుగా ఉన్నాయా అని అడుగు. నిజంగా ఎంత కడుతున్నారో కూడా. అమ్మకానికి పెట్టిన ఇంటి అద్దె బ్రోకరు నోట్లో రెండు వేలు పెరుగుతుంది!

ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే కాగితం), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), ఇంటిపన్ను రసీదు తీసిపెట్టమను. ఆదివారం పొద్దున కాజీపేటలో దిగుతాను, కలిసి చూద్దాం. అప్పటిదాకా బయానా ఇవ్వకు.

మీ మామయ్య