ట్రిపుల్ ఆప్షన్ జట్టులో రిసీవర్‌గా చేరొచ్చా?
మీ అబ్బాయి అమెరికన్ ఫుట్‌బాల్‌లో వైడ్ రిసీవర్ (పాసులు అందుకునే ఆటగాడు), ట్రిపుల్ ఆప్షన్ (పాసులు తగ్గించి, ఎక్కువగా బంతి పట్టుకుని పరుగెత్తే పద్ధతి) ఆడే కాలేజీ పిలిచింది, చేరొచ్చా అన్నారు కదండీ. ముందు గత రెండు సీజన్లలో ఆ జట్టు మ్యాచ్‌కి ఎన్ని పాసులు వేసిందో లెక్క తీయండి. పది, పదిహేను దాటకపోతే రిసీవర్ పని చాలావరకు డిఫెండర్‌ని అడ్డుకోవడమే. అలాగని ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) దారి మూసుకుపోదు; ఆప్షన్ ఆడిన జార్జియా టెక్ కాలేజీ నుంచి రిసీవర్ డెమేరియస్ థామస్ 2010 డ్రాఫ్ట్‌లో, అంటే లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, మొదటి రౌండులోనే వెళ్లాడు.

అసలు చిక్కు కోచ్ మారితేనే. 2018తో కోచ్ పాల్ జాన్సన్ తప్పుకున్నాక జార్జియా టెక్ ఆప్షన్ వదిలేసింది. పాత జట్టులో టైట్ ఎండే (అడ్డుకోవడం, పాసులు అందుకోవడం రెండూ చేసే ఆటగాడు) లేడు. ముందుకు దూకి అడ్డుకోవడం అలవాటైన లైన్‌మెన్ (ముందు వరసలో నిలబడి అడ్డుకునేవాళ్లు), వెనక్కి జరుగుతూ పాసులు వేసే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడటం కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. 2019లో 3 గెలిచి 9 ఓడారు. కోచ్ కాంట్రాక్టు ఇంకా ఎన్నేళ్లుందో తప్పక అడగండి.