పాత కంప్యూటర్‌లో విండోస్ 10 నెమ్మదించింది, సెట్టింగులు మారిస్తే వేగం పెరుగుతుందా?

కొంతవరకు పెరుగుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. స్టార్టప్ ట్యాబ్‌లో కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాములు ఉంటాయి; వాటిలో యాంటీవైరస్, డ్రైవర్ల (పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) తాలూకువి వదిలేసి, మీకు అక్కర్లేనివన్నీ డిజేబుల్ చేయండి. 4 జీబీ ర్యామ్ మెషీన్‌లో తేడా బాగా తెలిసేది ఇక్కడే.

తర్వాత సిస్టమ్ ప్రాపర్టీస్‌, అడ్వాన్స్‌డ్ ట్యాబ్, పెర్ఫార్మెన్స్ సెట్టింగ్స్‌లో 'అడ్జస్ట్ ఫర్ బెస్ట్ పెర్ఫార్మెన్స్' ఎంచుకోండి. 'స్మూత్ ఎడ్జెస్ ఆఫ్ స్క్రీన్ ఫాంట్స్' టిక్ మాత్రం మళ్లీ పెట్టండి. లేదంటే అక్షరాలు గరుకుగా కనిపించి కళ్లు లాగుతాయి. అక్కడే ఉండే వర్చువల్ మెమరీని (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటు) తీసేయమని కొందరు చెబుతారు, వినకండి. తీసేస్తే ర్యామ్ నిండగానే ప్రోగ్రాములు ఉన్నట్టుండి మూతపడతాయి.

ఇన్ని చేసినా టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వాడకం 100 శాతం దగ్గరే నిలిచిపోతే, లోపల ఉన్నది తిరిగే హార్డ్ డిస్క్ అయితే, ఇక సెట్టింగులతో పని కాదు. దాని స్థానంలో తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, అంటే సాటా ఎస్‌ఎస్‌డీ వేయించండి.