బతుకమ్మ ఆడనివ్వండి, ఆ నొప్పి మాత్ర ఆపండి

ప్రశ్న: మా అత్తగారికి 67 ఏళ్లు. మామగారు పోయాక గది దాటి వచ్చేవారు కాదు. రెండు నెలలుగా మా పాపతో కలిసి రోజూ సాయంత్రం కోలాటం నేర్చుకుంటూ బాగా తేరుకున్నారు. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడతానంటున్నారు. ఈ వయసులో పిల్లలతో సమానంగా ఆడవచ్చా? బీపీకి టెల్మిసార్టాన్, నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) కలిసిన బిళ్ల వాడతారు. మోకాళ్లకు మందుల షాపులో ఇచ్చిన మాత్ర వేసుకుని వెళ్తారు. మొన్న రెండుసార్లు కళ్లు తిరిగాయన్నారు.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఆట గురించి నాకు పెద్ద బెంగ లేదు. మీరు చివర్లో రెండు ముక్కల్లో తేల్చేసిన సంగతే అసలు సమస్య. మోకాళ్ల నొప్పి అంటే షాపులో సాధారణంగా చేతిలో పెట్టేది డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో. నొప్పి లాగేస్తుంది, నిజమే. కానీ ఇవి బీపీని పెంచుతాయి. ఆవిడ వాడే బీపీ బిళ్లకు తోడైతే కిడ్నీలను దెబ్బతీయగలవు. కడుపులో పుండు పడి, ఏ నొప్పీ లేకుండానే రక్తం పోవచ్చు. కళ్లు తిరగడం దానికి తొలి గుర్తు కావచ్చు. మలం తారులా నల్లగా వస్తోందేమో అడగండి. పెద్దవాళ్లు తమంతట తాము చెప్పరు. అవునంటే ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కాదన్నా ఈ వారంలో చూపించండి. రక్తం తగ్గిందేమో, కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియడానికి హిమోగ్లోబిన్, క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు అవసరం కావచ్చు. బీపీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు చూడాలి. పై అంకె 20 పడిపోతే వంగి చప్పట్లు కొట్టి లేచినప్పుడల్లా తూలే ప్రమాదం ఉంది. అలాగని బీపీ బిళ్ల మీరే మానిపించకండి, అదీ సొంత వైద్యమే! మోకాళ్లకు ఏం వాడాలో పరీక్షించిన డాక్టరే చెప్పాలి.

కళ్లు తిరగడం సంగతి తేలేదాకా ఆట ఆపండి. ఆ తర్వాత నిక్షేపంగా ఆడవచ్చు. 65 దాటినవారు వారానికి మూడు రోజులైనా శరీరం తూలకుండా నిలిపే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాట వింటూ, అడుగు మార్చుతూ, ఎదుటివారి కర్రకు కర్ర తగిలించడం సరిగ్గా అలాంటిదే. పక్కన మనవరాలు ఉంటే ఏ సాయంత్రమూ ఎగ్గొట్టరు కూడా. తాళ్లు జడలా అల్లుతూ ఆడే జడ కోలాటం మాత్రం ప్రస్తుతానికి వద్దు. చివరి రోజైన సద్దుల నాడు చెరువు మెట్లు దిగకుండా బతుకమ్మను పాప చేతికివ్వమనండి.

డాక్టరు దగ్గరికి ఆ మాత్రల అట్ట తీసుకెళ్లండి. ‘తెల్లటి చిన్న బిళ్ల’ అంటే మాకేమీ అర్థం కాదు.