సైకిల్ రోడ్డుకు ఏ వైపు తొక్కాలి?

సైకిలైనా ఎడమవైపే, బండ్లు వెళ్లే దిశలోనే తొక్కాలి. ఎదురుగా వచ్చే బండి కనిపిస్తుందని కుడివైపు తొక్కితే ప్రమాదం పెరుగుతుంది.

లెక్క చూడండి. మీ వేగం గంటకు 15 కి.మీ., కారుది 40. ఒకే దిశలో వెళ్తుంటే తేడా 25. ఎదురెదురైతే 55. యాభై మీటర్ల దూరంలో డ్రైవర్ మిమ్మల్ని చూశాడనుకుంటే మొదటి సందర్భంలో ఏడు సెకన్లు దొరుకుతాయి, రెండోదాంట్లో మూడు సెకన్లు దాటగానే ఢీ.

అసలు గండం సందు మొగల దగ్గర. విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక సందులోంచి కారు మెయిన్ రోడ్డెక్కి ఎడమకు తిరగాలి. డ్రైవర్ మెడ కుడివైపే తిరిగి ఉంటుంది, బండ్లు వచ్చేది అటునుంచే కాబట్టి. రాంగ్ సైడ్ సైకిల్ ఎడమ నుంచి వస్తుంది. అతను చూసేసరికి మీరు బంపర్ ముందుంటారు. గ్రూప్ రైడ్‌లో ఇది ఇంకా చెడ్డది, ముందువాడు ఎటు వెళ్తే వెనకవాళ్లూ అటే. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వెళ్లేటప్పుడు సముద్రం కుడివైపు ఉంటుంది, గాలి కోసం అటు జరగాలనిపిస్తుంది. ఆ సరదా తిరుగు ప్రయాణంలో తీర్చుకోవచ్చు, అప్పుడు సముద్రం ఎడమవైపే.

ఈ అపోహ పుట్టింది పాదచారుల సలహా నుంచి. ఫుట్‌పాత్ లేనిచోట బండ్లకు ఎదురుగా నడవమంటారు, నిజమే. నడిచేవాడు ఒక్క అడుగుతో పక్కకు తప్పుకోగలడు. సైకిల్‌ మీద అలా కుదరదు.