బేస్‌బాల్‌లో అందరూ తిట్టుకునే ఆటగాడెవరు?

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాం. మా వారికి క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టదు, ఇక్కడే పుట్టిన మా అబ్బాయికేమో బేస్‌బాల్ పిచ్చి. మొన్న వాడి స్నేహితులంతా మా ఇంట్లో చేరి, బేస్‌బాల్ చరిత్రలో జనం ఎక్కువగా అసహ్యించుకున్న ఆటగాడు ఎవరని ఒకటే వాదన. టై కాబ్ అని ఒకడు, బారీ బాండ్స్ అని ఒకడు, హ్యూస్టన్ ఆస్ట్రోస్ టీమ్ మొత్తం అని ఇంకొకడు. మీరైతే ఎవరి పేరు చెబుతారు?
— ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ముందు ఒకటి తేల్చుకోవాలండీ. స్టేడియంలో ఎక్కువ బూతులు తిన్నవాడు వేరు, ఆ బూతులకు నిజంగా తగినవాడు వేరు. రెండూ కలిపేస్తే ఈ వాదన తెల్లవార్లూ సాగుతుంది.

టై కాబ్‌తోనే మొదలుపెడదాం. 1905 నుంచి రెండు దశాబ్దాలకు పైగా డెట్రాయిట్ టైగర్స్‌కి ఆడాడు, మనిషి మహా కోపిష్ఠి. 1912 మే నెలలో న్యూయార్క్‌లో ఒక ప్రేక్షకుడు అదేపనిగా తిడుతుంటే స్టాండ్‌లోకి దూకి చితకబాదాడు, ఆ ప్రేక్షకుడికి ప్రమాదంలో ఒక చెయ్యి పూర్తిగా, రెండో చేతికి మూడు వేళ్లు పోయి ఉన్నాయి. లీగ్ కాబ్‌ని సస్పెండ్ చేస్తే టీమ్ మొత్తం ఆడబోమని సమ్మె కట్టింది, దొరికినవాళ్లను పోగేసి మైదానంలోకి దింపితే ఫిలడెల్ఫియా చేతిలో 24-2 తేడాతో చిత్తుగా ఓడారు. కాబ్ మీద ప్రేమతో సమ్మె చేశారనుకోకండి, ప్రేక్షకుల తిట్ల విషయంలో ఆటగాళ్లందరికీ ఉన్న మంట అది.

ప్రేమ ఎంతుందో 1910లోనే బయటపడింది. ఆ ఏడాది బ్యాటింగ్ సగటులో మొదటి స్థానం వచ్చినవాడికి చామర్స్ కంపెనీ కారు ఇస్తానంది. కాబ్ తన సగటు కాపాడుకోవడానికి చివరి రెండు ఆటలు ఆడకుండా కూర్చున్నాడు. అటు పోటీలో ఉన్న నాప్ లజాయ్ కోసం సెయింట్ లూయిస్ మేనేజర్ తన ఫీల్డర్‌ని కావాలనే బాగా వెనక్కి నిలబెట్టాడు, లజాయ్ మెల్లగా బంతి తోసి పరిగెత్తుతూ ఒక్క రోజు రెండు ఆటల్లో ఎనిమిది హిట్లు (హిట్ అంటే బంతి కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరడం) కొట్టేశాడు. గొడవై మేనేజర్ ఉద్యోగం ఊడింది, కంపెనీ మాత్రం తెలివిగా ఇద్దరికీ చెరో కారు ఇచ్చింది. ఎదుటి టీమే పనిగట్టుకుని ఇంకొకడిని గెలిపించాలని చూసిందంటే, కాబ్ అంటే ఎంత పడదో చూడండి. అయినా 1936లో హాల్ ఆఫ్ ఫేమ్ (గొప్ప ఆటగాళ్ల పేర్లు చేర్చే బేస్‌బాల్ మ్యూజియం) మొదటి ఎన్నికలో కాబ్‌కి 226 ఓట్లకు 222 పడ్డాయి, బేబ్ రూత్‌కి 215. పైగా అతని గురించి ఈ రోజుకీ తిరిగే భయంకరమైన కథల్లో చాలావరకు అతను పోయాక మసాలా దట్టించి రాసినవేనని తర్వాత పరిశోధించినవాళ్లు తేల్చారు. కోపిష్ఠి నిజమే, రాక్షసుడు మాత్రం అతిశయోక్తి.

బారీ బాండ్స్ సంగతి వేరు. 762 హోమ్ రన్లు (మన క్రికెట్ సిక్సర్ లాంటివి), 2001 ఒక్క సీజన్‌లోనే 73. స్టెరాయిడ్ల ఆరోపణలు చుట్టుముట్టాక సొంత టీమ్ ఊరు శాన్ ఫ్రాన్సిస్కోలో చప్పట్లు, ఆ ఊరు దాటితే బూ అంటూ గోల. 2007లో పాత రికార్డు బద్దలుకొట్టిన 756వ హోమ్ రన్ బంతిని ఒక ఫ్యాషన్ డిజైనర్ ఏడున్నర లక్షల డాలర్లకు కొని, దీన్ని ఏం చెయ్యమంటారని జనాన్ని ఓట్లడిగాడు, వాళ్లేమో దాని మీద నక్షత్రం గుర్తు వేయమన్నారు, అంటే ఈ రికార్డు అనుమానమే అని ముద్ర. ఆ గుర్తు వేసిన బంతి హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరింది, కొట్టినవాడు ఇంకా చేరలేదు. 2022లో అతనికి చివరి అవకాశంగా జరిగిన విలేఖరుల ఓటింగ్‌లో 75 శాతం కావాల్సి ఉండగా 66 శాతమే వచ్చాయి.

అలెక్స్ రోడ్రిగెజ్‌ని మాత్రం జనం మొదట తిట్టింది డబ్బు గురించి. 2000 చివర్లో సియాటెల్ వదిలి టెక్సాస్ రేంజర్స్‌తో పదేళ్లకు 25.2 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు, మళ్లీ ఆడటానికి సియాటెల్ వెళితే పాత అభిమానులు దొంగ నోట్లు విసిరారు. నిషేధిత మందుల కేసులో 2014 సీజన్ మొత్తం నిషేధం పడింది తర్వాతి సంగతి.

ఇక ఆస్ట్రోస్. 2017లో సెంటర్ ఫీల్డ్ కెమెరాతో అవతలి క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) ఏ బంతి వేయాలో చెప్పే వేళ్ల సంజ్ఞలు చూసి, డగౌట్ పక్కన స్క్రీన్ పెట్టుకుని, మెలిక తిరిగే బంతి వస్తుందంటే చెత్తడబ్బా బాదేవారు, చప్పుడు లేకపోతే ఫాస్ట్‌బాల్ అని అర్థం. ఆ ఏడాది వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ ఫైనల్, గెలిచారు కూడా. 2019 నవంబర్‌లో బయటపడ్డాక మేనేజర్‌కి, జనరల్ మేనేజర్‌కి ఏడాది నిషేధం, టీమ్‌కి 50 లక్షల డాలర్ల జరిమానా. నిజం చెబితే శిక్ష ఉండదని ముందే మాటిచ్చారు కాబట్టి ఆటగాళ్లకు మాత్రం ఏమీ లేదు! మీ వారిని అడగండి, 2018లో బంతికి గరుకు కాగితం రుద్దిన కేసులో స్మిత్, వార్నర్‌లకు ఏడాదేసి నిషేధం వేశారు. ఇక్కడ చెత్తడబ్బా బాదినవాళ్లకు ఒక్క మ్యాచ్ కూడా పోలేదు. జనం కోపమంతా అక్కడే. 2020లో కరోనా వల్ల స్టాండ్లు ఖాళీగా ఉండటంతో ఆ కోపాన్ని దాచుకుని 2021లో ఊరూరా వడ్డీతో తీర్చుకున్నారు.

ఆ వార్నర్‌నే చూడండి, సగం ప్రపంచానికి మోసగాడు, హైదరాబాద్‌కి 2016లో కప్పు తెచ్చి, తెలుగు పాటలకు డ్యాన్సులు కట్టిన మన వార్నర్ అన్న. బాండ్స్‌కి శాన్ ఫ్రాన్సిస్కో అలాంటిదే. అందుకే గోలను బట్టి తీర్పు చెప్పలేం.

నన్ను పేరు చెప్పమంటే, ఎవరూ గోల చేయనివాడి పేరు చెబుతాను, క్యాప్ ఆన్సన్. 19వ శతాబ్దంలో షికాగో టీమ్‌కి ఆటగాడు, మేనేజర్ కూడా, అప్పట్లో జనానికి ఆరాధ్యుడు. 1883లో టొలీడో టీమ్‌లో ఫ్లీట్ వాకర్ అనే నల్లజాతి క్యాచర్ ఉన్నాడని ఆడనని మొండికేశాడు, టికెట్ల డబ్బులో వాటా పోతుందని చెప్పాక దిగాడు. నల్లవాళ్లను పెద్ద లీగ్‌ల నుంచి తరిమిన పాపం అతనొక్కడిదే కాదు, కానీ అంత పేరున్నవాడు ముందు నిలబడి కాదంటే మిగతావాళ్లకు ధైర్యం వచ్చింది. 1947లో జాకీ రాబిన్సన్ వచ్చేదాకా ఆ తలుపు తెరుచుకోలేదు. ఆన్సన్‌కి మాత్రం 1939లోనే హాల్ ఆఫ్ ఫేమ్ దక్కింది. స్టెరాయిడ్లు వాడినవాడు రికార్డులు పాడుచేశాడు, ఇతను కొన్ని తరాల ఆటగాళ్ల బతుకులు పాడుచేయడంలో చెయ్యేశాడు.

ప్రశ్న: ఏ మోసమూ చేయకుండానే జనం చేత తిట్లు తిన్న బేస్‌బాల్ ఆటగాడు ఎవరైనా ఉన్నాడా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఉన్నాడు, బిల్ బక్నర్. 1986 వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో నేల మీద దొర్లుతూ వచ్చిన బంతి అతని కాళ్ల మధ్య నుంచి పోయింది, బోస్టన్ ఓడింది. చాలామంది మర్చిపోయేదేమంటే, ఆ బంతికి ముందే స్కోరు సమమైపోయింది, ఆ తర్వాత ఏడో ఆట కూడా మిగిలే ఉంది, అదీ ఓడారు. అయినా 2,715 హిట్లు కొట్టినవాడిని ఆ ఒక్క బంతితోనే గుర్తుపెట్టుకున్నారు, చంపుతామని బెదిరించారు కూడా. 2008లో బోస్టన్ పిలిచి లాంఛనంగా మొదటి బంతి వేయిస్తే స్టేడియమంతా లేచి చప్పట్లు కొట్టింది. ఈలోపు 2004లో, 2007లో కప్పు గెలిచారు కాబట్టే అంత పెద్ద మనసు వచ్చిందని నా అనుమానం.

ప్రశ్న: (మళ్లీ ఫ్రిస్కో పాఠకురాలే) మా వాడు ఆస్ట్రోస్ ఆటగాడు ఆల్టూవే జెర్సీ వేసుకుని ఆర్లింగ్టన్‌లో రేంజర్స్ ఆటకు వెళతానంటున్నాడు. పంపనా?

జవాబు: పంపండి, గోల మాత్రం తప్పదు, 2023లో ఆస్ట్రోస్ రేంజర్స్ చేతిలో ఏడో ఆటలో ఓడిన సంగతి కూడా పక్క సీటువాళ్లు గుర్తుచేస్తారు. వాడికొక జవాబు నేర్పి పంపండి: పాత వీడియోలు చూసి చెత్తడబ్బా చప్పుళ్లు లెక్కపెట్టిన ఒక హ్యూస్టన్ అభిమాని లెక్కల్లో, ఆల్టూవే బ్యాటింగ్‌లో ఉన్నప్పుడు మోగినవి చాలా తక్కువ. ఎవరూ నమ్మరు, అది వేరే విషయం.