యుద్ధంలో చూపిన ధైర్యానికి మన దేశం ఇచ్చే అత్యున్నత పతకం పరమ వీర చక్ర ఎయిర్ ఫోర్స్‌లో ఒక్కరికే ఎందుకు వచ్చింది? సెఖోన్ ఆ రోజు ఏం చేశాడు?

1971 డిసెంబర్ 14, శ్రీనగర్. పాకిస్తాన్ సేబర్ జెట్లు ఆరు ఎయిర్‌ఫీల్డ్ మీద బాంబులు వేస్తున్నాయి. ఆ సమయంలో రన్‌వే మీదికి రావడమే పెద్ద సాహసం. రన్‌వే మీద పరుగు తీస్తున్న విమానానికి తప్పించుకునే వీలుండదు, తిరిగి కొట్టే వీలూ ఉండదు. ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ మాత్రం బాంబులు పడుతుండగానే తన నాట్ విమానాన్ని పైకి లేపాడు.

అతనికి జోడీగా ముందు లేచిన లీడర్ విమానం పొగ, దుమ్ములో కనిపించకుండా పోయింది. అంటే ఆరింటికి ఎదురు ఒక్కడే. నాట్ చాలా చిన్న విమానం, చటుక్కున మలుపు తిరుగుతుంది. దాన్నే ఆసరా చేసుకుని కొండల మధ్య చెట్లంత ఎత్తులో వాళ్లను వెంటాడి రెండు సేబర్లను కొట్టాడు. 1948 నాటి అంతర్జాతీయ ఒప్పందం వల్ల యుద్ధం మొదలయ్యేదాకా శ్రీనగర్‌లో ఫైటర్లను ఉంచేవారు కాదు. కాబట్టి ఆ లోయ, ఆ చలి అతనికీ కొత్తే. ఇది చాలామందికి తెలియదు.

చివరికి అతని విమానం కూలింది. శిథిలాలు ఒక లోయలో దొరికాయి. మృతదేహం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

పతకం ఒక్కరికే ఎందుకంటే, నా ఉద్దేశంలో కారణం కూల్చిన విమానాల లెక్క కాదు. చావు ఎదురుగా కనిపిస్తున్నా టేకాఫ్ తీసుకున్న ఆ కొన్ని సెకన్లు.