వెలిగిన ప్రతి చుక్కా వ్యాధి సూచిక కాదు

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. పెప్టైడ్ మైక్రోఅర్రేల సాయంతో వైరస్ జబ్బుల సూచికలను కనిపెట్టే పరిశోధన చేస్తానంటోంది. ఈ దారిలో పంపవచ్చా? – ఒక తండ్రి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: నిస్సందేహంగా పంపవచ్చు. అయితే ఆ పనిలో కష్టమెక్కడుందో మీరిద్దరూ ముందే తెలుసుకోవాలి.

పెప్టైడ్ మైక్రోఅర్రేలో మైక్రోస్కోపు స్లైడంత గాజుపలక మీద వైరస్ ప్రొటీన్లను, తరచుగా 15 అమైనో ఆమ్లాల చొప్పున, చిన్న చిన్న ముక్కలుగా (వీటినే పెప్టైడ్లంటారు), వేల చుక్కల రూపంలో అమరుస్తారు. రోగి సీరమ్‌ను (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) దాని మీద వేస్తే అందులోని యాంటీబాడీలు తమకు సరిపడే ముక్కలను పట్టుకుంటాయి. ఆపైన మెరిసే రంగు తగిలించిన మరో యాంటీబాడీని వేసి స్కానర్‌లో చూస్తే ఆ చుక్కలు వెలుగుతాయి. పిల్లలు ముచ్చటపడేది ఇక్కడే. అసలు పని మొదలయ్యేదీ ఇక్కడే.

డెంగీ, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్‌లు ఒకే కుటుంబానికి చెందినవి కనుక, ఒకదాని మీద పుట్టిన యాంటీబాడీ రెండోదాని ముక్కనూ పట్టుకోవచ్చు. డెంగీ రోగుల్లో వెలిగిన చుక్క ఆరోగ్యవంతుల్లోనూ, ఇతర జ్వరాలు సోకినవారిలోనూ వెలగడం లేదని తేలితేనే అది ఆ జబ్బును పట్టిచ్చే సూచికగా నిలుస్తుంది. పైగా రోగులకూ ఆరోగ్యవంతులకూ మధ్య 1000 చుక్కలను 5 శాతం పొరపాటు హద్దుతో పోల్చితే, నిజమైన తేడా ఒక్కటీ లేకపోయినా సుమారు 50 చుక్కలు తేడా ఉన్నట్టే కనిపిస్తాయి. అందుకే ఇప్పటి నుంచే స్టాటిస్టిక్స్‌నూ, గణాంకాల విశ్లేషణకు వాడే ‘ఆర్’ ప్రోగ్రామింగ్‌నూ శ్రద్ధగా నేర్చుకోమని మీ అమ్మాయికి చెప్పండి. బయాలజీ విద్యార్థులు ఎక్కువగా తప్పించుకు తిరిగేది వీటినే.

ఎంఎస్సీ కోసం ఏపీ పీజీసెట్ రాసి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరవచ్చు. బయోటెక్నాలజీ పీజీ కోర్సులకు జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష అయిన గాట్-బి కూడా రాయడం మంచిది. సొంతంగా పరిశోధన చేయాలంటే పీహెచ్‌డీ తప్పదు, దానికి మరో ఐదారేళ్లు పడుతుంది. ఆ ఖర్చుకు ఫెలోషిప్ ఆసరా కావాలి కనుక సీఎస్ఐఆర్-నెట్ పరీక్ష ద్వారా ఇచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)ను లక్ష్యంగా పెట్టుకోవాలి. అంతకాలం ఆగలేని పరిస్థితి వస్తే, ఎంఎస్సీతోనే పరీక్షా కిట్ల నాణ్యతా విభాగాల్లో ఉద్యోగాలకు ప్రయత్నించవచ్చు. వైద్య పరికరాల తయారీకి పెట్టిన మెడ్‌టెక్ జోన్ మీకు దగ్గర్లోనే ఉంది.

ఈ సెలవుల్లో ఏదైనా ల్యాబ్‌లో యాంటీబాడీలను రంగు మార్పుతో గుర్తించే ఎలైసా పరీక్షను స్వయంగా చేయనివ్వండి. మైక్రోఅర్రేలో దొరికిన సూచికను నిర్ధారించడానికి సాధారణంగా వాడేది ఆ పద్ధతే. 96 గుంటల ప్లేటులో పైపెట్‌తో ఒక్కో గుంటా నింపుతూ, కడుగుతూ పూటంతా గడిపాక కూడా ఆమెకు ఇదే పని కావాలనిపిస్తే, ఇక మీరు వెనకాడకండి.